నూకాలమ్మ సైకిలెక్కిన రోజు

రమాకుమారి నిద్ర లేచేసరికి వరండాలో సైకిలు లేదు.

రాత్రి స్తంభానికి గొలుసు వేసి తాళం పెట్టి పడుకుంది. గొలుసు అక్కడే ఉంది, తాళం తీసి ఉంది, సైకిలు మాత్రం మాయమైంది. దొంగలెవరో ఎత్తుకుపోయారని ఒక్క క్షణం అనుకుంది. మరుక్షణం అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. దొంగలు తాళంచెవితో తియ్యరు. తాళంచెవితో తీసేది నాన్నే.

బయట వాన కురుస్తోంది. మూడు రోజులుగా కురుస్తూనే ఉంది. అల్పపీడనం బంగాళాఖాతంలో ఉందని రేడియోలో చెబుతున్నారు గానీ, కలకత్తా మెటియాబ్రుజ్‌లోని మున్సిపాలిటీ క్వార్టర్లలో ఉండేవాళ్లకి అది తమ ఇంటి కప్పు మీదే కాపురం పెట్టినట్టుంది. తెలుగు కుటుంబాలుండే వరసకి తెలుగు లైనని పేరు. దాని ముందు సందులో నీళ్లు మోకాలు దాటాయి. ఎవరిదో ప్లాస్టిక్ చెప్పు ఒకటి తీరుబడిగా తేలుతూ గుమ్మం గుమ్మానికీ పలకరింపుకి వెళుతోంది.

రమ ఆ లైనులో కాలేజీ చదువు పూర్తి చేసిన మొదటి పిల్ల. తాత కార్పొరేషన్‌లో చెత్తబండి తోలాడు, నాన్న సూరన్న ముప్ఫయ్యేళ్లు డ్రైనేజీలో దిగి పని చేసి రిటైరయ్యాడు. ఈమె సైన్సు చదివి, రక్తపరీక్షల కోర్సు కూడా చేసి, ఖిదిర్‌పూర్‌లో ఒక పరీక్షా కేంద్రంలో ట్రైనీగా చేరింది. ఆరు నెలల ట్రైనింగ్ ఈ నెలాఖరుతో అయిపోతుంది. అప్పుడు పర్మనెంట్ చెయ్యనైనా చేస్తారు, పొమ్మననైనా అంటారు. అది ఆ కేంద్రం చూసుకునే డాక్టర్ అన్నపూర్ణగారు రాసే ముక్క మీద ఆధారపడి ఉంది. బ్యాంకు ఆఫీసరైన భర్తకి బదిలీ అయితే విజయవాడ నుంచి కలకత్తా వచ్చిన మనిషి ఆవిడ. మాట మెత్తన, గడియారం కఠినం.

రమ ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్లింది. రెండుసార్లూ నేరం సైకిలుదే. ఒకసారి గొలుసు ఊడింది, ఒకసారి టైరు పంచరైంది. నిన్న సాయంత్రం డాక్టరుగారు పిలిచి, "రేపు షుగరువాళ్లందరూ ఖాళీ కడుపుతో వస్తారమ్మా. ఎనిమిదిన్నరకల్లా నువ్వు సూది పట్టుకుని ఉండాలి. ఉంటే నీ గురించి పైకి రాస్తాను. లేకపోతే రాయను. వాన పడింది, టైరు పోయింది అని మాత్రం చెప్పకు" అంది.

అందుకే రమ ముందురోజే సైకిలుకి గాలి కొట్టించి, నూనె వేసి, తెల్లకోటు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి సిద్ధంగా పెట్టుకుంది. అన్నీ సిద్ధంగా ఉన్నాయి. సైకిలే లేదు.

అప్పుడే సూరన్న నీళ్లలో ఈడ్చుకుంటూ వచ్చాడు. నెత్తిన గోనెసంచి, నుదుట వేలెడు కుంకుమ బొట్టు, ముఖం నిండా నవ్వు.

"నా సైకిలేదీ నాన్నా?"

"దాని రోగం కుదిర్చీసినాను." సూరన్న గోనె తీసి దులిపాడు. "రెండుపాలి నిన్ను దార్లో ఒగ్గీసింది కాదేటి? మరందుకే తెల్లారకట్లే లేసి మధుబాబు కొట్టుకాడ పందిట్లోకి అట్టుకెల్లిపోనాను. సుబ్బరంగా కడిగి, పసుపు రాసి, దండేసి, పూజ సేయించీసి, పంతులు సేత తాడు కట్టించీసినాను. ఇక సూడు. ఏడాది దాక పంచరన్న మాటుంటే నన్నడుగు."

రమ గోడకి చేరబడింది. ఆ రోజు విశ్వకర్మ పూజ.

ఆ ఊళ్లో విశ్వకర్మ పూజంటే పనిముట్లకి పండగ. కుట్టుమిషన్లు, లేతులు, ఆటోలు, బస్సులు, రెంచీలు, అన్నిటికీ స్నానం చేయించి దండ వేస్తారు. పూజారి తాడు కట్టాక ఆ పనిముట్టుకి సెలవు. మర్నాడు తెల్లవారేదాకా దాన్ని ముట్టుకోకూడదు, పని చేయించకూడదు. తెలుగు లైనువాళ్లకి దసరా నవమి నాటి ఆయుధపూజ ఎలాగూ ఉంది. అయినా మూడు తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు గనక భాద్రపదంలో బెంగాలీలతో కలిసి ఒకసారి, ఆశ్వయుజంలో తమ లెక్క ప్రకారం ఇంకోసారి చేస్తారు. ఏ దేవుడికి ఏ భాషలో కోపమొస్తుందో ఎవరు చెప్పగలరు?

"తాడు కట్టించీసినావా?" అంది రమ నెమ్మదిగా.

"కట్టించీసినాను."

"మరి ఇయ్యాల నేను పనికెలాగెల్లాల?"

సూరన్న నవ్వు ముఖం మీదే ఉండిపోయింది, కానీ దానికింక లోపల్నుంచి అండ లేదు. ఆటోవాళ్లు, బస్సులవాళ్లు కూడా పూజ చేసుకుని బళ్లు ఆపేశారు. నడిచి వెళ్లాలంటే ఈ నీళ్లలో ఖిదిర్‌పూర్ చేరేసరికి షుగరువాళ్లందరూ అన్నాలు తిని నిద్రపోతారు.

"అది మరి పూజయిపోనాక గుర్తొచ్చినాదే" అన్నాడు.

కొండనాలిక్కి మందేస్తే ఉన్ననాలిక ఊడిందన్న సామెత రమ చిన్నప్పట్నుంచీ వింటోంది. ఆ మందు వేసిన మనిషిని మాత్రం ఇంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చి, దేనికి దారివ్వాలో తెలియక, తెల్లకోటు సంచి చంకలో పెట్టుకుని మధుబాబు కొట్టు వైపు నీళ్లలోకి దిగింది. వెనకాలే సూరన్న.

మధుబాబు సైకిళ్లు బాగుచేస్తాడు. ఆ లైనుకి పూజా కమిటీ కూడా అతనే. కొట్టు ముందు టార్పాలిన్ పందిట్లో మట్టి విశ్వకర్మ ఏనుగెక్కి కూర్చున్నాడు. ఎదురుగా బంతిపూల దండలతో సైకిళ్లు వరస కట్టి ఉన్నాయి. రమ సైకిలు మొదటి వరసలో ఉంది. హ్యాండిలుకి ఎర్రతాడు, మడ్‌గార్డుకి పసుపు, ముందు చక్రం కింద నిమ్మకాయ. పెళ్లికూతురిలా తల వంచుకుని ఎవరినీ ఎరగనట్టు నిలబడింది.

"బాబాయ్, నా సైకిలు ఇచ్చీ. టైమైపోతంది" అంది రమ.

"అరే బాబా!" మధుబాబు రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "తాడు కట్టీసినాక తీస్తారేటి? నాను రెంచీ కూడా ముట్టుకోను ఇయ్యాల. ఇస్సకర్మకి కోపమొస్తే ఏటవుద్దో ఎరుగుదువా?"

"ఏటవుద్ది?"

"ఏడాదంతా ఊళ్లో ఒక్క టైరూ పంచరవదు. నా గతేటి?"

"పంతులెక్కడ? ఆయన్నే అడుగుతాను."

"ఆయన ఇంకో పందిట్లోకెల్లిపోయాడు. ఉన్నా ఒప్పుకోడు."

"ఉద్యోగం పోతాది బాబాయ్!"

ఆ కేకకి పక్కవాటాలోంచి పెద్దమ్మ బయటికొచ్చింది. ఆవిడ రమకి వాళ్లమ్మ అక్క, నిజంగానే పెద్దమ్మ. కానీ లైనులో అందరూ అలాగే పిలుస్తారు, ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా. పెళ్లి తగాదా అయినా, పంపు దగ్గర తగాదా అయినా తీర్పు ఆవిడదే, పై కోర్టు లేదు. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, సంగతంతా విని, సూరన్నని ఒక చూపు చూసింది. సూరన్న వెళ్లి ఒక స్తంభం వెనకాల నిలబడ్డాడు.

"ఒరే మధూ. పూజయిన బండి సేత పని సేయించకూడదు. అంతేనా?"

"అంతే పెద్దమ్మా."

"అమ్మోరి పండగనాడు ఎడ్లకి నాగలి కడతారేటి?"

"కట్టరు."

"అమ్మోరి బండికి?"

మధుబాబు ఆలోచించాడు. "అది కడతారు."

"ఎందుకు కడతారు? దేవతని మొయ్యడం పని కాదు గనక. అవునా? మరైతే ఈ సైకిలు మీద అమ్మోరు కూకుంటే, అది సైకిలా, వాహనమా?"

మధుబాబు తల గోక్కున్నాడు. తల గోక్కుంటే పెద్దమ్మ గెలిచినట్టేనని లైనులో అందరికీ తెలుసు.

"వాహనమే" అన్నాడు.

"వాహనాన్ని ఒకలు తొక్కాల కదా. ఈ గుంట తొక్కుతాది. ఊరేగింపు ఎక్కడి దాకా అన్నది మనిష్టం. ఖిదిర్‌పూర్ దాకా."

"ఇస్సకర్మని తీసుకెల్లిపోదామేటి?" అన్నాడు సూరన్న స్తంభం వెనకనించి.

"ఆయన మట్టోడు అన్నా, మలుపు తిరిగీలోగా కరిగిపోతాడు" అన్నాడు మధుబాబు కంగారుగా.

పెద్దమ్మ అప్పటికే లోపలికెళ్లి తన గోడమీది నూకాలమ్మ పటం దింపింది. అనకాపల్లి జాతరలో కొన్న పటం అది. దాన్ని పాలిథిన్ కాగితంలో చుట్టి, సైకిలు ముందు బుట్టలో నిలబెట్టి, నాలుగు మూలలా కట్టింది. పూజకని చేసిన చలిమిడి ఇత్తడి పళ్లెంలో ఉండలు చేసి, అరిటాకు కప్పి తీసుకుంది. మధుబాబు సామాను మోసే మూడు చక్రాల తొక్కుడు వ్యాను కూడా దండేసుకుని పందిట్లోనే ఉంది. అమ్మోరి ప్రసాదం మోస్తుంది కాబట్టి అదీ వాహనమైపోయింది. పెద్దమ్మ గొడుగు, కంచు గంట పట్టుకుని వ్యానెక్కింది. మధుబాబు తొక్కడానికీ, సూరన్న వెనక నుంచి తొయ్యడానికీ కుదురుకున్నారు.

రమ సైన్సు చదివింది. ఇలాంటివాటి మీద ఆమెకి కొన్ని అభిప్రాయాలున్నాయి. కానీ అభిప్రాయాలు సాయంత్రం దాకా ఆగగలవు, ఎనిమిదిన్నర ఆగదు. ఆమె పటానికి దండం పెట్టి పెడలెక్కింది.

*

రోజూ ఆమె గల్లీల్లోంచి వెళుతుంది. కలకత్తాలో చాలా పెద్ద రోడ్ల మీదికి సైకిళ్లని రానివ్వరు, పోలీసులు పట్టుకుంటారు. అందుకని సైకిలువాళ్లంతా ఎలకల్లాగా సందుల్లోంచి సందుల్లోకి దూరి ఊరు దాటుతారు. ఆ రోజు మొదటి గల్లీ మొగలోనే సూరన్న చెయ్యెత్తాడు.

"అటెల్లకే! గంగకి పోటొచ్చినాది. కాలవ గేట్లు మూసీసుంటారు, నీల్లు దిగవు. నడుం లోతుంటాది."

గల్లీలో ఒక రిక్షా సీటు దాకా మునిగి ఉంది. దాని మీద కూర్చున్న పిల్లి, అందరి మీదా కోపంగా ఉంది. రమ పెద్ద రోడ్డుకి తిప్పింది.

వానలో సైకిలు తొక్కడం ఆమెకి కొత్త కాదు. ఏ చెప్పులు వేసుకోవాలో, ఏవి మెడలో వేలాడదీసుకోవాలో తెలుసు. తడిసిన బ్రేకు పది గజాల ముందు నొక్కితే గానీ పట్టదనీ, నీళ్ల కింద గుంటలు బస్సులు వంగే తీరుని బట్టి తెలుస్తాయనీ తెలుసు. కానీ అమ్మవారిని ముందు పెట్టుకుని తొక్కడం తెలియదు. ఆవిడ ఎదురుగా కూర్చుని కళ్లింతలు చేసుకుని చూస్తుంటే, గుంటలో పడి "ఛీ" అనడానికి కూడా లేదు. బంతిపూల దండ ప్రతి తొక్కుకీ మోకాలికి కొడుతోంది. హ్యాండిలుకి రాసిన కుంకుమ కారి కారి చేతులకంటింది, చేతుల నుంచి ముఖానికంటింది. వెనక నుంచి పెద్దమ్మ గంట వాయిస్తూ, మధ్యమధ్య "బేగి తొక్కే!" అంటూ భక్తి, తొందర రెండూ కలిపి నడిపిస్తోంది.

కూడలి దగ్గర వానకోటులో ట్రాఫిక్ సార్జెంటు కనబడ్డాడు. రమ బ్రేకు నొక్కింది.

"ఏయ్ సైకిల్! నామో, నామో!" అని అరిచాడు.

రమ దిగింది. సార్జెంటు నీళ్లు చిమ్ముకుంటూ వచ్చాడు. "మెయిన్ రోడ్డు మీద సైకిలు నిషేధమని తెలీదా దీదీ? చదువుకున్నదానిలా ఉన్నావు" అన్నాడు బెంగాలీలో.

రమ నోరు విప్పేలోగా వ్యాను మీంచి పెద్దమ్మ అందుకుంది. ఆవిడ బెంగాలీకి వ్యాకరణం లేదు, భయమూ లేదు. "సైకిలెక్కడుంది దాదా? కళ్లద్దాలు తుడుచుకో. ఇది ఠాకూర్ రథం, దేవుడి బండి."

సార్జెంటు నిజంగానే కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బుట్టలోకి వంగి చూశాడు. "విశ్వకర్మ కాదే ఇది. ఏనుగేది?"

"ఏనుగాయన ఇంటికాడున్నాడు, పూజలో ఉన్నాడు. ఈవిడ మా తల్లి, నూకాలమ్మ. ఊరు సూడ్డానికి బయల్దేరినాది."

"ఈ వానలోనా?"

"ఆవిడ కురిపిస్తన్న వానే కదా దాదా. ఆవిడికేటి భయం?"

సార్జెంటు పటంకేసి చూశాడు. పటంలో అమ్మవారు సార్జెంటుకేసి చూసింది. పాలిథిన్ మీద నీళ్లు కారుతుంటే ఆ పెద్ద కళ్లు మాటిమాటికీ ఆర్పుతున్నట్టున్నాయి.

"ఊరేగింపుకి పర్మిషన్ ఉందా?" అన్నాడు, కానీ గొంతు ముందున్నంత గట్టిగా లేదు.

"అమ్మోరికి పర్మిషనేటి నాయనా? మనందరికీ ఆవిడిచ్చిందే కదా." పెద్దమ్మ అరిటాకెత్తి ఒక చలిమిడి ఉండ అతని చేతిలో పెట్టింది. "నీ పిల్లలు సల్లగుండాల. తిను."

సార్జెంటు ఉండ కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు. ఆ తరవాత చట్టం ఏమంటుందో ఎవరికీ తెలియలేదు, అతని నోరు చలిమిడితో నిండి ఉంది. అతను చెయ్యెత్తి అటు వస్తున్న ఒక్కగానొక్క లారీని ఆపి, దారిచ్చాడు. వైర్‌లెస్‌లో ముందు కూడలికి కబురు కూడా పెట్టాడు. ఠాకూర్ ఊరేగింపు వస్తోంది, ఆపకండని.

రమకి నవ్వొచ్చింది. ఆరు నెలలుగా ఈ రోడ్డు పక్క సందుల్లో దాక్కుని పోయింది. ఇవాళ నడిమధ్యన తొక్కుతోంది. నల్లగా నిగనిగలాడే తారు, నీళ్లు పాదం మునిగేంతే, ఎదురుగా ఎవరూ లేరు.

వింత అక్కడితో ఆగలేదు. గల్లీల మొగల్లో సైకిళ్లు పట్టుకుని దిక్కుతోచక నిలబడ్డవాళ్లు చాలామందే ఉన్నారు. పాలవాళ్లు, పేపర్లవాళ్లు, మెటియాబ్రుజ్‌లో కుట్టిన బట్టల మూటలు సంతకి మోసే దర్జీలు, ఓడల డాకుకి వెళ్లే కూలీలు. పెద్ద రోడ్డు మీద సైకిలొకటి దర్జాగా వెళుతుంటే, పోలీసు సలాం కొడుతుంటే, వాళ్లు కళ్లు నులుముకున్నారు. తర్వాత ఒకడు మెల్లిగా వెనక చేరాడు. ఇంకొకడు చేరాడు.

"ఏ పూజ దాదా?" అని ఒక దర్జీ మధుబాబుని అడిగాడు.

"అడక్కు, తొక్కు" అన్నాడు మధుబాబు.

తరువాతి కూడలికి వచ్చేసరికి వెనక సైకిళ్ల వరస రోడ్డు సగం నిండిపోయింది. ఎవరి పని దగ్గరికి వాళ్లు వచ్చినప్పుడు, పెద్దమ్మ చేతిలోంచి ఒక ఉండ అందుకుని, దండం పెట్టి, సందులోకి తిరిగిపోతున్నారు. తిరిగిపోయినవాళ్లకంటే కొత్తగా చేరేవాళ్లు ఎక్కువున్నారు. సూరన్న వ్యాను తొయ్యడం మానేసి ఎవరిదో సైకిలు వెనక సీటెక్కి, "దారీ దారీ" అని అరుస్తూ కూతురి ముందుకొచ్చేశాడు.

"సూసినావేటే? పూజ సేయించినాక పంచరయిందేటి?" అన్నాడు గర్వంగా.

"ముందు నన్ను పోనీ నాన్నా!"

*

పరీక్షా కేంద్రం తలుపు దగ్గర రిసెప్షన్ చూసే అభిజిత్ నిలబడి ఉన్నాడు. ఇంత జనం, గంటల మోత, పూలు చూసి లోపలికి పరిగెత్తబోయి, ముందున్న కుంకుమ ముఖం రమదని గుర్తుపట్టి ఆగిపోయాడు.

"రమాదీ! ఏమిటిది?"

"టైమెంత?"

"ఎనిమిదిన్నర కాబోతోంది. డాక్టరుగారు వచ్చేశారు. లోపలంతా నిండిపోయారు."

రమ సైకిలు నాన్నకి ఒప్పగించి ఒక్క గెంతులో మెట్లెక్కింది. వెనకగదిలో ముఖం కడుక్కుంది, తల తుడుచుకుంది, సంచిలోంచి కోటు తీసింది. కోటు పొడిగా ఉంది. చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగింది. ట్యూబులు, సూదులు, దూది సర్దుకుంది. గోడ గడియారం ముల్లు ఎనిమిదిన్నర మీద నిలబడేసరికి, చెప్పిన మాట ప్రకారం చేతిలో సూదితో హాల్లోకొచ్చింది.

వచ్చి, అక్కడే కొయ్యబారిపోయింది.

పెద్దమ్మ హాల్లో ఉంది. చేతిలో ఇత్తడి పళ్లెం. ఊరేగింపు ఏ గుమ్మం ముందు ఆగిందో ఆ ఇంట్లోవాళ్లందరికీ ప్రసాదం పెట్టనిదే అమ్మవారు కదలదు, అది ఆవిడ పుట్టినప్పట్నుంచీ ఎరిగిన ధర్మం. అందుకని బెంచీల మీద వరసగా కూర్చున్న ప్రతి మనిషి చేతిలోనూ ఒక్కొక్క చలిమిడి ఉండ పెట్టుకుంటూ వస్తోంది. వాళ్లందరూ షుగరువాళ్లు. రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనివాళ్లు. ఆకలితో కళ్లు లోతుకుపోయిన వాళ్ల చేతుల్లో బెల్లమూ బియ్యప్పిండీ ఘుమఘుమలాడుతోంది. దేవుడి ప్రసాదం కాదనడానికి ఎవరికి నోరొస్తుంది? ఒకాయన అప్పుడే కళ్లకద్దుకుంటున్నాడు.

వీళ్లు తింటే ఈ రోజు ఫాస్టింగ్ పరీక్ష ఒక్కటి కూడా ఉండదు. ఎనిమిదిన్నరకి వచ్చీ ప్రయోజనం లేదు. ఊరేగుతూ వచ్చి తన ఉద్యోగాన్ని తానే నిమజ్జనం చేసుకున్నట్టవుతుంది.

"ఖాబేన్ నా!" రమ కేకకి సీలింగు ఫ్యానే ఆగినట్టయింది. "ఎవరూ తినకండి!"

నోటి దాకా వెళ్లిన చేతులు గాల్లో నిలిచాయి.

పెద్దమ్మ పళ్లెంతో సహా ఇటు తిరిగింది. "ఓలి గుంటా! అమ్మోరి పెసాదం తినొద్దంటావేటే? నీకేటి పోయేకాలం?"

అదే సమయానికి లోపలి గది తలుపు తెరుచుకుంది. డాక్టర్ అన్నపూర్ణగారు గుమ్మంలో నిలబడింది. ముందు గడియారం చూసింది. తర్వాత రమని చూసింది, పెద్దమ్మని చూసింది, కిటికీలోంచి బయట బుట్టలో కూర్చున్న నూకాలమ్మని చూసింది. ఆవిడ చెయ్యి దండం పెట్టబోతున్నట్టు దానంతటదే గుండె దగ్గరికి వెళ్లి, కళ్లజోడు సర్దుకోవడానికే లేచినట్టు పైకి పోయింది. 

తినొద్దంటే పెద్దమ్మ ఊరుకోదు. పెద్దమ్మని ఊరుకోమంటే అమ్మవారు ఊరుకోదు. సూది పట్టుకున్న చేత్తోనే రమ చెమట తుడుచుకోబోయి మానేసింది.

"పెద్దమ్మా" అంది. "జాతరలో కోడిని కొయ్యకముందే బువ్వ తింటామేటి?"

"ఛీ ఛీ, అదెలాగ తింటాం? ముందు అమ్మోరికి రగతం సూపించాల."

"మరి వీలెవ్వరూ ఇంకా రగతం ఇవ్వనేదు. నేనొచ్చింది అందుకే కదా. ముందు అది. తరవాత పెసాదం."

పెద్దమ్మ ఆగింది. హాలంతా ఒకసారి కలయజూసింది. ట్యూబుల వంక చూసింది. రమ కళ్లల్లోకి చూసింది. ఆవిడ పై కోర్టులేని జడ్జీ, కానీ న్యాయం తెలిసిన జడ్జీ.

"అదీ సరే" అంది చివరికి. "మొక్కు ముందు. ఎవలూ తినకండి రో! అయ్యేదాక పట్టుకుని కూకోండి!"

అభిజిత్ అది బెంగాలీలో అందరికీ చెప్పాడు. రమ మొదటి కుర్చీ దగ్గరికెళ్లింది. అందులో లావుపాటి మాసీ ఒకావిడ, దొరక్కుండా తప్పించుకునే నరాలతో ఆ కేంద్రంలో పేరు మోసిన మనిషి, ఉండని గుప్పెట్లో పట్టుకుని కూర్చుంది. రమ పైచేతికి రబ్బరు పట్టీ కట్టి, అలవాటు ప్రకారం "పిడికిలి బిగించండి మాసీ" అనబోయింది. అనక్కర్లేకపోయింది. ప్రసాదం ఎక్కడ జారిపోతుందోనని ఆవిడ అప్పటికే ప్రాణం పెట్టి బిగించింది. ఎన్నడూ పైకి రాని నరం మోచేతి మడతలో తాడులా లేచి నిలబడింది.

సూది ఒక్క పోటుకి దిగింది.

"అయిపోయింది. ఇక తినండి."

ఆవిడ గుప్పెట తెరిచింది. ఉండ చేపలా చదునయింది గానీ ప్రసాదానికి ఆకారంతో ఏం పని? నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. పక్క కుర్చీలవాళ్లు అది చూసి గుటకలు మింగారు. అప్పట్నుంచి వరస చకచకా కదిలింది. రోజూ "నాకు భయం, రేపొస్తాను" అనేవాళ్లు కూడా "ముందు నాది తీయమ్మా" అని చేతులు చాపారు. ఎవరి వేళ్ల సందుల్లోంచి వాళ్ల బెల్లం కారుతోంది. పెద్దమ్మ పక్కనే నిలబడి ప్రతి ట్యూబూ నిండగానే ఒకసారి గంట కొట్టింది.

ఒకే ఒక్కడు దొరికిపోయాడు. డాకులో క్రేను నడిపి రిటైరయిన ముసలాయన. రమ అతని దగ్గరికొచ్చేసరికి రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, మీసం మీద తెల్లపిండి ఉంది.

"మేశోమొశాయ్, తినేశారా?"

"నువ్వు వద్దని అరిచేలోగా అయిపోయిందమ్మా. దేవుడిచ్చింది ఉమ్మెయ్యలేను కదా."

"అయితే రేపు మళ్లీ ఖాళీ కడుపుతో రావాలి."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. "రేపు కూడా పెడతారా?"

అందరిదీ అయ్యాక రమ ట్యూబులన్నీ లోపలికి తీసుకెళ్లింది. డాక్టర్ అన్నపూర్ణగారు తన గదిలో బల్ల వెనక కూర్చుని ఉంది. బల్ల మీద సూదులు, దూది పరిచి ఉన్నాయి.

"నువ్వు ఈ వానలో రావనుకున్నాను" అంది. "నేనే తీద్దామని సర్దుకుని కూర్చున్నాను. సూది పట్టి పదేళ్లయింది. బయట్నుంచి గంట వినపడితే అగ్నిమాపకం వాళ్లొచ్చారేమో అనుకున్నా."

"క్షమించండి మేడమ్. ఆ జనాన్ని నేను రమ్మనలేదు. సైకిలుకి పూజ అయిపోయిందండీ, అందుకని..."

"చెప్పకు. చెబితే నాకు అర్థమయ్యేలా లేదు." ఆవిడ చీర కొంగు భుజం మీదికి సర్దుకుని, ఎడంచెయ్యి బల్ల మీద చాపింది. చెయ్యి మూసి ఉంది. వేళ్ల మధ్య నుంచి బెల్లం వాసన వచ్చింది. పెద్దమ్మ ఇక్కడికి కూడా వచ్చి వెళ్లిందన్నమాట. "పొద్దున్నుంచి కాఫీ కూడా తాగలేదు. అందరికీ పరీక్షలు చెప్పే నేను రెండేళ్లుగా చేయించుకోలేదు. నా నరం తొందరగా దొరకదు. ఎవరు తీసినా రెండుసార్లు గుచ్చుతారు. తియ్యి. చూస్తాను."

రమకి అర్థమైంది. పైకి రాసే ముక్క తేలేది ఇప్పుడే, ఈ సూది మీదే. బయట నాన్న ఎవరికో పూజా మహత్యం చెబుతున్నాడు, మధుబాబు పంచర్ల గురించి దిగులు పడుతున్నాడు. ఆ రెండు గొంతులూ వింటూ ఆమె పట్టీ కట్టింది, మోచేతి మడత వేలితో తడిమింది. నరం లోతుగా ఉంది. కంటికి కనబడదు, వేలికి దొరుకుతుంది, వానలో నీళ్ల కింద రోడ్డు దొరికినట్టు.

"కొంచెం గట్టిగా పట్టుకోండి మేడమ్."

"పట్టుకున్నా. జారిపోతే మీ పెద్దమ్మ ఊరుకోదు."

సూది దిగింది. ట్యూబులో ఎర్రగా ధార కట్టింది.

డాక్టరుగారు కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. "ఇంకా గుచ్చవేం?" అంది.

"అయిపోయిందండీ. దూది నొక్కి పట్టుకోండి."

ఆవిడ కళ్లు తెరిచి ట్యూబుని, దూదిని, రమని వరసగా చూసింది. పిడికిలి విప్పి, నలిగిన చలిమిడిని కళ్లకద్దుకుని తినేసింది. రెండుసార్లు నమిలి ఆగింది. "యాలకులు తక్కువయ్యాయి."

"ఆ మాట మీరే చెప్పండి మేడమ్. నాకింకా బతకాలనుంది."

డాక్టరుగారు మొదటిసారి నవ్వింది. లేచి, మోచెయ్యి మడిచి పట్టుకునే తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగింది. "ఆ కోటు మీద ట్రైనీ అని బిళ్ల ఒకటుంది కదా, తీసి సొరుగులో పడెయ్యి. దాంతో నీకింకేం పని?"

రమ పిన్ను తీసి బిళ్లని సొరుగులో పడేసింది. బయట డాక్టరుగారు యాలకుల సంగతి ఎత్తినట్టుంది. పెద్దమ్మ గొంతు వానని మించి వినబడింది: "యాలకులేటమ్మా? అమ్మోరు ఏనాడూ అడగనేదు, నువ్వడుగుతన్నావేటి? ఇంకోటి తిను, అప్పుడు సెప్పు!"